పాలు పడవు

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. మంచం మీద కూర్చుని రెండు చేతులూ కలిపి నా ముందుకు చాపింది. ఒడిలో బాబు పొత్తిగుడ్డ చింపిన పేలిక ఉంది.

"కట్టెయ్యవే" అంది.

"ఏంటక్కా ఇది?"

"కట్టు. నిద్రలో విప్పుకోలేనంత గట్టిగా కట్టు."

నవ్వుతుందేమోనని మొహంలోకి చూశాను. చిన్నప్పుడు దొంగా పోలీసాటలో ఇట్లాగే చేతులు చాపి, నేను ముడి వేసి వెనక్కి తిరిగేలోపే విప్పుకుని పారిపోయేది. ఇప్పుడు నవ్వలేదు. మంచం అవతలి పక్క బాబు పడుకుని ఉన్నాడు. వాడి నుదురు మళ్లీ పచ్చబడుతోందని మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనడం లేదు.

"నిద్రలో నేనే ఇస్తున్నానే వాడికి పాలు. ఇంకెవరిస్తారు?" అంది అక్క.

అక్క కాన్పుకి సాయంగా నేను వాళ్ల అత్తవారింటికి వెళ్లాను. బాబుని పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. మొదట్లో బాగానే తాగాడు. తర్వాత తాగింది తాగినట్టు కక్కడం మొదలుపెట్టాడు. ఒళ్లు పచ్చబడింది. అరికాలు గిల్లినా కళ్లు తెరిచేవాడు కాదు. పిల్లల డాక్టరమ్మ వచ్చి వాడి పొట్ట మెల్లగా నొక్కి చూసి, "ఇంతకుముందు పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఒక పాప. పుట్టి పోయింది. కామెర్లన్నారు" అంది అక్క.

డాక్టరమ్మ రాస్తున్నది ఆపేసింది. ఆ తర్వాత అంతా గబగబా జరిగింది. బాబు మడమ గుచ్చి నెత్తురు చుక్కల్ని ఒక అట్టముక్క మీద అద్ది వేరే ఊరికి పంపారు. ఫలితం కోసం ఆగకుండా ఆ పూటే పాలు మాన్పించారు. పాలలో ఒక రకం తీపి ఉంటుందట. దాన్ని అరిగించుకునే శక్తి ఈ బిడ్డ ఒంట్లో పుట్టుకతోనే లేదట. అది లోపలే పేరుకుని కాలేయాన్నీ కళ్లనీ మెదడునీ పాడుచేస్తుందట. ఎన్నో వేలమందిలో ఒకరికి వచ్చే జబ్బట.

"నీ పాలైనా, గేదె పాలైనా, డబ్బా పాలైనా ఒకటే. ఈ బాబుకి పాలు పడవు. సోయా పొడి రాసిస్తాను, మన ఆసుపత్రిలోనే ఇస్తారు. వీడికి అన్నమూ అదే, మందూ అదే" అంది డాక్టరమ్మ.

అక్క అడిగింది. "మా పాపకి కూడా ఇదేనా అమ్మా?"

"చూడకుండా చెప్పలేను. అయి ఉండొచ్చు."

ఆవిడ వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయింది. అక్క తన రొమ్ముల మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ఎవరో తన నుంచి ఏదో లాక్కోబోతున్నట్టు కూర్చుండిపోయింది. వార్డు గోడ మీద బిడ్డకు పాలిస్తున్న తల్లి బొమ్మ, ఆమెకి మొహం నిండా నవ్వు. "పెద్దదాని సంగతి ఇంట్లో ఎత్తకు" అంది నాతో. పెద్దది అంటే ఆ పాప. అక్క దాన్ని ఎప్పుడూ అట్లాగే అంటుంది, పక్క గదిలో చదువుకుంటున్నట్టు.

వార్డులోకి ఒక మనిషినే రానిచ్చేవాళ్లు, అది నేను. అందుకని బావ వాళ్లమ్మ, అత్తయ్య, ఈ మాటలేవీ వినలేదు. ఆవిడకి సంగతి చెప్పింది బావే. నేను సంచీ తీసుకుని ఇంటికి వెళ్లిన పూట బావ అద్దాల షాపు నుంచి అప్పుడే వచ్చి పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. వేళ్ల సందుల్లో గాజుపొడి ఉంటుందని ఆయనకి భయం. బాబు పుట్టాక ఆ కడుక్కోవడం మరీ ఎక్కువైంది.

"పాలు పడవంటమ్మా. పొడి డబ్బా రాశారు" అన్నాడు, తలెత్తకుండా.

అత్తయ్య బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా తల్లి. పోనీలే, కొందరికంతే. మెల్లగా సర్దుకుంటుంది."

"సర్దుకోదంట."

"డాక్టర్లు అట్లాగే అంటారు. నీ అప్పుడు నాకూ అన్నారు."

పాల గురించి తల్లితో అంతకంటే మాట్లాడటం బావకి మొహమాటం. కడిగిన చేతులే మళ్లీ కడుక్కున్నాడు.

అత్తయ్యది వీధి చివర పాలబూత్. వీధి మొత్తానికీ ఆవిడ పాలత్త. తెల్లారేసరికి ప్యాకెట్ల ట్రేల వెనక కూర్చునేది. పొద్దెక్కాక వచ్చేవాళ్లని వదిలేది కాదు. "మా అమ్మ బూతులో కూర్చుని బూతులు తిడుతుంది" అని బావ ఏడిపించేవాడు. కానీ మంచి మనిషి. అక్కకి నీళ్లు కాచిపెట్టేది, నడుముకి కాపడం పెట్టేది, నన్ను కూర్చోబెట్టి జడ వేసేది. బూత్ కట్టేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది.

అక్కని ఇంటికి తెచ్చాక ఒకరోజు ఆవిడ మంచం అంచున కూర్చుని అడిగింది. "పాలు పడవని ఒక డాక్టరమ్మ అంటే అయిపోయిందా? ఇంకొకరికి చూపిద్దాం."

"ఎవరికి చూపించినా అంతే అత్తయ్యా. పుట్టుకతో వచ్చింది. జీవితాంతం పడవు."

"జీవితాంతం ఎవరడిగారమ్మా? ఒక ఏడాది పడితే చాలదూ?"

అక్క ఫక్కున నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. అత్తయ్య తమాషాకి అందనుకుని నేనూ నవ్వాను. మేమెందుకు నవ్వుతున్నామో తెలియక అత్తయ్య కూడా నవ్వింది.

అక్క ఒంటికి మాత్రం ఈ జబ్బు సంగతి తెలియదు. బాబు కుయ్యిమంటే చాలు, పాలు చేపుకొచ్చేవి. గుండెలకి గుడ్డ బిగించి కట్టుకునేది. తడిసిన గుడ్డల్ని ఎవరికీ కనపడకుండా స్నానాల గదిలోనే ఉతికి, అక్కడే కిటికీ ఊచకి ఆరేసుకునేది. అత్తయ్య ముందు ఒక్కసారి కూడా తడి కనపడనివ్వలేదు. "ఆ వాసన తగిలితే నాకు పెద్దది గుర్తొస్తుందే. ఎంత ఇష్టంగా పట్టానో దానికి. కక్కితే మళ్లీ పట్టాను" అంది ఒకసారి, గుడ్డ పిండుతూ.

పొడి తేవడం నా పని. ఆసుపత్రి వెనక మందుల కిటికీ దగ్గర నిలబడితే లోపలి మనిషి నన్ను చూడగానే, "వచ్చావా పొడిపిల్లా! నువ్వొక్కదానివే ఇది అడిగేది. నీ కోసమే ఒక అర ఖాళీ చేయించుకున్నారు డాక్టరమ్మ" అనేవాడు. టీకాల గది సిస్టర్ మాత్రం సీసా చూస్తే చాలు మీదికొచ్చేది. "పచ్చి బాలింతవి, నీ పాలుండగా సీసా ఏంటమ్మా? అందం పోతుందనా?" అక్క డాక్టరమ్మ రాసిన కాగితం చూపించేది. మనిషి మారితే మళ్లీ అదే తిట్టు, మళ్లీ అదే కాగితం.

పొడి మొదలుపెట్టాక బాబు తేరుకున్నాడు. పసుపు దిగింది. ఆకలికి గొంతు చించుకుని ఏడవడం నేర్చాడు. ఆ ఏడుపు విని బావ గుమ్మంలో నిలబడి, "వీడు పెద్దయ్యాక వేలంపాటలు పాడిస్తాడు" అని మురిసిపోయాడు.

ఆపరేషన్ నొప్పికి అక్క మధ్యాహ్నం మాత్ర వేసుకునేది. అది వేసుకుంటే రాయిలా నిద్రపోయేది. ఒకరోజు నేను ఉతికిన బట్టలు ఆరేసి వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉంది. నైటీ గుండీలు తీసి ఉన్నాయి. గుడ్డ కిందికి జారి ఉంది. బాబు పెదవుల చివర తెల్లగా ఒక చార.

"నేను తీయలేదే" అంది. కాసేపటికి, "తీశానేమో" అంది.

అట్లా మళ్లీ జరిగింది. ఇంకోసారీ జరిగింది. బాబు సీసా పడితే కక్కేయడం మొదలుపెట్టాడు. ఏడుపు సన్నబడింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఒంటేలు పరీక్ష చేయించి అక్క వైపు చాలాసేపు చూసింది. "ఎవరో పాలు పడుతున్నారు. ఇంకోసారి ఇట్లా తెచ్చావంటే బిడ్డని ఇక్కడే ఉంచేస్తాను. నిన్ను గేటు లోపలికి రానివ్వను. తల్లివని చూడను. వాడు బతకడం ముఖ్యం."

ఇంటి మెట్ల దగ్గర అక్క నా భుజం పట్టుకుంది. "పెద్దది నా చేత పట్టిస్తోందే. తమ్ముణ్ణి తన దగ్గరికి పిలుచుకుంటోంది. దానికి నేనంటే కోపం ఉండదూ?"

నేను ఏదో సర్దిచెప్పాను. చెబుతూ చెబుతూనే గది మూల వైపు చూశాను. చూసినందుకు సిగ్గేసింది.

ఆ మర్నాడే చేతులు కట్టమంది. కట్టాను. అప్పటికే మాత్ర వేసుకుని ఉంది, చేతుల మీదుగా దుప్పటి లాక్కుని పడుకుంది. పొడి అడుగంటింది కాబట్టి నేను ఆసుపత్రికి వెళ్లక తప్పలేదు. వెళ్తూ వసారాలో ఉన్న అత్తయ్యతో, "కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని చెప్పాను. "నువ్వు చెప్పాలా చిన్నమ్మాయ్" అంది.

తిరిగి వచ్చేసరికి అక్క మెలకువగా ఉంది. చేతుల ముడి వేసింది వేసినట్టే ఉంది. నైటీ గుండీలు మాత్రం తీసి ఉన్నాయి. అక్క అరవడం లేదు, ఏడవడం లేదు. బాబు నోటి వైపే చూస్తోంది.

"ఇప్పుడు నమ్ముతావా?" అంది.

బయటికి వచ్చి అత్తయ్యని అడిగాను, గదిలోకి ఎవరైనా వచ్చారా అని.

"ఎవరొస్తారే? నేనే ఒకసారి వెళ్లి వాణ్ణి చూసి వచ్చాను." ఆవిడ మొహంలో ఏదో దాచుకున్న సంతోషం. మనవణ్ణి చూసుకున్న సంతోషమే అనుకున్నాను.

ఆ రోజు పొడి దొరకలేదు, రేపు వస్తుందన్నారు. మర్నాడు మళ్లీ అక్క చేతులు కట్టి బయల్దేరాను. మందుల కిటికీ మూసి ఉంది. లెక్క చూసుకుంటున్నారు, సాయంత్రం రమ్మని గేటు దగ్గరే చెప్పేశారు. ఎదురొచ్చిన బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. వసారాలో అత్తయ్య లేదు. చెప్పులు మాత్రం ఉన్నాయి. గది తలుపు ఓరగా ఉంది. లోపల్నుంచి సన్నగా మాటలు వినిపిస్తున్నాయి, పసిపిల్లతో ఆడే గొంతు. చేతిలో ఉన్న సంచీ గుండెలకి హత్తుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. పెద్దదాన్ని చూడబోతున్నానని నిజంగా అనుకున్నాను.

మంచం పక్కన నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఉంది అత్తయ్య. ఒక చేత్తో బాబు తల కింద ఆసరా పెట్టి, నిద్రపోతున్న అక్క రొమ్ముకి ఆనించి పట్టుకుంది.

"లాగు నాన్నా. నువ్వు లాగితేనే పడతాయి. చూశావా, మీ అమ్మకి పడ్డాయి. ఆ డాక్టరమ్మ ఇప్పుడేమంటుందో చూద్దాం."

నన్ను చూసి ఉలిక్కిపడలేదు. పెదవుల మీద వేలు పెట్టుకుని, దగ్గరికి రమ్మని కళ్లతోనే పిలిచింది. అంత సంతోషాన్ని ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"బాగానే పడుతున్నాయే" అంది గుసగుసగా. "ఇంకాస్త పెరిగాక చెబుదామని ఊరుకున్నాను. ముందే చెప్పి ఆశ పెట్టడం ఎందుకని."

బాబుని లాగేసుకున్నాను. వాడు కెవ్వుమన్నాడు. అక్క కళ్లు తెరిచింది. లేవబోయి, చేతులు రాక మళ్లీ పక్క మీద పడింది. దుప్పటి తొలగింది.

"ఎవరు కట్టారమ్మా నీ చేతులు?" అత్తయ్య గొంతు మారిపోయింది.

"నేనే కట్టించుకున్నాను. వాడికి పాలిస్తున్నది నేనే అనుకుని."

"ఇస్తే ఏమైంది? పడవన్న పాలు పడ్డాయి కదా!"

అక్క ఆవిడ వైపు చూసింది. నేనూ చూశాను. ముందు అక్కకే అర్థమైంది.

"పడవంది నాకు కాదత్తయ్యా. వాడికి. వాడికి పడవు. కొందరికి ఏదో మందు పడదంటామే, వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికొస్తుందే, అట్లా. పాలు వాడికి విషం."

"పడవంటే..." అంది అత్తయ్య. ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పింది, పంటి కింద రాయి కోసం వెతుక్కుంటున్నట్టు. "పడవంటే... అదా?" నేల మీద చతికిలబడింది. "మరి పెద్దదానికి..."

"ఇప్పుడు కాదు" అంది అక్క. "ఆటో పిలవండి."

డాక్టరమ్మ బాబుని చూస్తూనే సిస్టర్ని పిలిచి సూది పెట్టించింది. అప్పుడు అక్క వైపు తిరిగింది. "మళ్లీ ఇచ్చావా?"

అక్క నోరు తెరిచింది. ఏమనబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తయ్య అడ్డొచ్చింది.

"నేనమ్మా. కోడలు నిద్రలో ఉంది, దానికేమీ తెలియదు. నేను పట్టించాను."

"పెద్దవాళ్లు, మీకు చెప్పలేదా?"

"చెప్పారు. పడవని చెప్పారు. నేను పడవనుకున్నాను."

డాక్టరమ్మకి చిరాకేసింది. తర్వాత ఆ చిరాకు మొహం మీదే ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మొదటి పాపకీ ఒక డాక్టరు ఇదే మాట అన్నాడమ్మా" అంది అత్తయ్య. "'పాపకి పాలు పడుతున్నట్టు లేవు' అని గబగబా వెళ్లిపోయాడు. కోడలు మత్తులో ఉంది, వినలేదు. నేను పక్క వార్డు బాలింతని బతిమాలి తీసుకొచ్చాను. ఆమె పాలు కూడా పట్టించాను. రెండు పూటలా."

అక్క గోడకి ఆనుకుంది. ఈ సంగతి తనకీ తెలియదు.

తలుపు అవతల వరండా నిండా తల్లులు, ఒళ్లో పిల్లలు, ఎవరి చీటీ పిలుస్తారా అని చూస్తున్నారు. డాక్టరమ్మ వాళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. "ఈ మాట నేను ఎంతమందితో అని ఉంటాను" అంది, మాతో కాదు.

బాబు గండం గడిచింది. వార్డులో కొన్నాళ్లు ఉంచుకుని పంపారు. అక్కని గేటు బయట ఉంచలేదు. కళ్లలో టార్చి వేసి చూసి, పల్చగా పొర పట్టింది, పాలు తగలకపోతే కరిగిపోవచ్చు, నెలనెలా తీసుకురండి అన్నారు. కరుగుతుందని అనలేదు. ఇంటికి వచ్చాక మేము ముగ్గురం అస్తమానూ వాడి కళ్లలోకి చూసేవాళ్లం. బావ షాపు నుంచి వచ్చాక, చేతులు కడుక్కుని, వాణ్ణి కిటికీ వెలుగులోకి ఎత్తి చూసేవాడు, అద్దంలో గీత ఉందా అని చూసినట్టు.

అత్తయ్య చూసేది కాదు. గదిలోకే వచ్చేది కాదు. బూత్‌లో తిట్లు మానేసిందని వీధిలో అనుకున్నారు. ఇంటికి వచ్చి వసారాలో చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. బాబు ఏడిస్తే లేచేది, గుమ్మం దాకా వచ్చేది, ఆగిపోయేది. అక్కకి పాలు ఎండిపోయాయి. నిద్ర మాత్రం రాలేదు. మాత్రలు మానేసింది. చేతులు కట్టే అవసరం లేకపోయినా మధ్యాహ్నమంతా కళ్లు తెరుచుకుని పడుకునేది. వాళ్లిద్దరి మధ్య గోడ ఒక్కటే. గోడకి అటొకరు ఇటొకరు మేలుకుని ఉండేవాళ్లు.

ఒక మధ్యాహ్నం నేను సీసా కలిపి తీసుకొస్తుంటే అక్క నా చేతిలోంచి తీసుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యా, రండి. వీడికి పట్టండి."

"నేనా?" అంది ఆవిడ. "చిన్నమ్మాయి ఉంది కదమ్మా."

"మీరే పట్టండి. నాకు నిద్రొస్తోంది."

అత్తయ్య పంపు దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. నేల మీద కూర్చుంటే బాబుని ఒళ్లో పెట్టాను. అక్క మంచం ఎక్కి, గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుంది. బాబు గుటకలు మింగే చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు.

"పెద్దది తల తిప్పుకునేది" అంది అత్తయ్య ఉన్నట్టుండి, గొంతు బాగా తగ్గించి. నాతోనేనో, కాదో. "రొమ్ము దగ్గర పెడితే అటు తిప్పేది. అటు పెడితే ఇటు. ఆకలి లేదనుకున్నాం. మొండిదనుకున్నాం. దానికి తెలుసే. అంత పసిగుడ్డుకి మా అందరికంటే ముందే తెలుసు. నేను బుగ్గలు పట్టుకుని ఇటు తిప్పాను."

మంచం వైపు చూశాను. అక్క కదల్లేదు. ఊపిరి మాత్రం నిద్రపోయేవాళ్ల ఊపిరి కాదు.

సీసాలో ఇంకా కొంచెం మిగిలి ఉండగానే బాబు తాగడం ఆపాడు. పెదవులు విప్పి, తల పక్కకి తిప్పుకున్నాడు.

అత్తయ్య చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. సీసాని దూరంగా, చెయ్యి చాపినంత దూరంగా నేల మీద పెట్టింది.

"చాలా నాన్నా? వద్దా?" అంది. "సరే. వద్దులే. సరే."